బస్తా ధర వేరు, వంటింటి ధర వేరు: హైదరాబాద్ హోల్‌సేల్ మార్కెట్లలో కొనుగోలు

మెస్ నడిపేవాళ్ళు, తోపుడు బండి పెట్టుకున్నవాళ్ళు, పెళ్ళికో వ్రతానికో సరుకు తేవాల్సినవాళ్ళు, పది పదిహేను ఇళ్ళు కలిసి కూరగాయలు పంచుకునే అపార్ట్‌మెంట్ల వాళ్ళు. హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళడం గిట్టుబాటయ్యేది వీళ్ళకే. నలుగురున్న ఇంటికి వారానికి సరిపడా కూరగాయల కోసమైతే రైతుబజార్ చాలు. నిద్ర చెడగొట్టుకుని బోయిన్‌పల్లి హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళినా మిగిలేది ఆటో కిరాయికే సరిపోతుంది.

ముందు లెక్క తేల్చుకోండి. టమాటా ట్రే 25 కిలోలు, ధర 600 రూపాయలు అనుకుందాం. చూడగానే కిలో 24 పడిందనిపిస్తుంది. ఆ తూకంలో ఖాళీ ట్రే బరువు కూడా కలిసి ఉంటే రెండు కిలోలు అక్కడే పోయాయి. ఇంటికొచ్చి ఏరితే పగిలినవి, పచ్చివి, అడుగున నలిగినవి ఇంకో రెండు కిలోలు. వాడుకోడానికి మిగిలింది 21. హమాలీకి 15, ఆటోలో ఈ ట్రే వాటా 40 కలిపితే ఖర్చు 655. అంటే కిలో 31 దాటింది. వీధి చివర దుకాణంలో ఏరుకున్న టమాటా 35 ఉంటే ట్రేకి మిగిలేది 80 రూపాయలు. పది ట్రేలు కొనేవాడికి అది మంచి బేరం. ఒక్క ట్రే కొనేవాడికి కాదు. కింద చెప్పేదంతా ఆ 24కీ 31కీ మధ్య తేడాను తగ్గించుకోడానికే.

ఏది ఎక్కడ

కూరగాయలకు బోయిన్‌పల్లి. టమాటా, మిర్చి, వంకాయ, బెండ, బీన్స్, క్యారెట్, ఆలుగడ్డ, ఉల్లి అన్నీ అక్కడ దొరుకుతాయి. ఉల్లి మాత్రమే పెద్ద ఎత్తున కావాలంటే మలక్‌పేట మార్కెట్‌కి వెళ్ళండి. అక్కడ పోల్చి చూసుకోడానికి రకాలు ఎక్కువ. పూలకు మెహదీపట్నం దగ్గరి గుడిమల్కాపూర్. జాంబాగ్‌లో ఇప్పటికీ పూలు దొరుకుతాయి గానీ బుట్టల కొద్దీ కొనేవాళ్ళు గుడిమల్కాపూర్‌కే వెళ్తారు. అదే యార్డులో కూరగాయలూ అమ్ముతారు కాబట్టి ఫంక్షన్‌కి పూలు, కూరలు రెండూ కావాల్సినవాళ్ళకు ఒకే బండి సరిపోతుంది.

పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉందనుకుని కొత్తపేటలో దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది 2021-22లో బాటసింగారానికి మారింది. విజయవాడ దారిలో హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దాటాక వస్తుంది. కోహెడలో శాశ్వత మార్కెట్ కట్టాలన్న ప్రతిపాదన కూడా ఉంది కాబట్టి చాలాకాలం తర్వాత వెళ్తున్నట్టయితే ఒకసారి ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. మీరుండేది కూకట్‌పల్లి వైపైతే రెండు మూడు పెట్టెల ఆపిల్స్ కోసం అంత దూరం వెళ్ళడం దండగ.

ముందు రోజు

కేంద్ర ప్రభుత్వం మార్కెట్ ధరలు పెట్టే వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల వారీగా కనిష్ఠ, గరిష్ఠ ధరలు, వాటితో పాటు మోడల్ ధర ఉంటాయి. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మోడల్ ధర. మీరు చూడాల్సింది దాన్నే. అవన్నీ క్వింటాల్ ధరలు కాబట్టి వందతో భాగిస్తే కిలో ధర వస్తుంది. ఒక్కరోజు ధర చూసి ఊరుకోకండి. నాలుగైదు రోజుల ధరలు వరసగా చూస్తే ఎక్కుతోందా, దిగుతోందా తెలుస్తుంది. దిగుతున్న సరుకు ఒక్కరోజుకు సరిపడా కొనండి. ఎక్కుతున్నదైతే, అదీ నిలవ ఉండే సరుకైతేనే, రెండు మూడు రోజులకు కొనండి.

మార్కెట్ సెలవు ఎప్పుడో కనుక్కోండి. సెలవు మర్నాడు ఆగిపోయిన సరుకు, కొత్త సరుకు కలిసి వస్తాయి. ఆ రోజు ధర తక్కువున్నా పాతదీ కొత్తదీ వేరుచేసి చూసుకునే ఓపిక ఉండాలి. రాత్రి గట్టి వాన పడితే ముందుగా దెబ్బతినేవి ఆకుకూరలు, పూలు. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నుంచి వచ్చే సరుకు ఆ రోజు తగ్గిపోతుంది, వచ్చింది కూడా తడిసి వస్తుంది.

వంటకు ఎంత కావాలో శుభ్రం చేశాక మిగిలే బరువుతో లెక్కేయండి. వందమంది భోజనానికి ఒక వేపుడు కూరకు తరిగిన ముక్కలు 10 నుంచి 12 కిలోలు కావాలి. ఆనపకాయ, బీన్స్‌లో తరుగు తక్కువ. కాలీఫ్లవర్‌లో ఆకు, కాడ తీసేస్తే సగానికి కాస్త ఎక్కువ మిగులుతుంది. పచ్చి బఠానీ కిలో ఒలిస్తే గింజలు 400 నుంచి 450 గ్రాములు. అంటే కాయలు కిలో 40 అయితే గింజలు కిలో 89 నుంచి 100 దాకా పడ్డట్టు. ఒలిచేవాళ్ళ కూలి అదనం. దాన్ని చూశాక ఫ్రోజెన్ బఠానీ ధర అడగడం తప్పేం కాదు.

వెంట తీసుకెళ్ళాల్సినవి: తడి గోనె పట్టాలు రెండు, ఖాళీ ట్రేలు మీవే ఉంటే అవి, వేలాడదీసే చిన్న డిజిటల్ కాటా, టార్చి, మార్కర్ పెన్ను, చిల్లర.

ఎన్ని గంటలకు

రాత్రంతా లారీలు దిగుతూనే ఉంటాయి. మంచి సరుకు మంచి ధరకు చేతులు మారేది తెల్లవారకముందే. నాలుగింటికల్లా యార్డులో ఉంటే ఏరుకునే వీలుంటుంది. ఏడు దాటాక వెళ్తే ఇతరులు వదిలేసినది దొరుకుతుంది. తొమ్మిది తర్వాత ధర బాగా పడిపోతుంది, నిజమే. అది ఆ పూటే వండేసే మెస్‌లకు పనికొస్తుంది, బండి మీద పెట్టి సాయంత్రం దాకా అమ్మేవాళ్ళకు కాదు.

వెళ్ళగానే కొనకండి. ఒక చుట్టు తిరిగి, ఒకే సరుకును కనీసం నాలుగు చోట్ల అడగండి. అడిగేటప్పుడు ‘ట్రే ఎంత’ అని మాత్రమే అడిగితే సరిపోదు. ట్రే ఎన్ని కిలోలు, ట్రే బరువు అందులో ఉందా లేదా, హమాలీ ఎవరిది, ట్రేకి డిపాజిట్ ఎంత అన్న నాలుగూ అడగండి. ఒకచోట 580 అన్నది ఇంకోచోట 600 అన్నదానికన్నా ఖరీదు కావడం ఇక్కడే జరుగుతుంది.

కమీషన్ ఏజెంట్ దుకాణం ముందు లాట్లుగా అమ్ముతారు. ఐదు ట్రేలో, పది బస్తాలో ఒకేసారి తీసుకోవాలి. అంత అక్కర్లేనివాళ్ళు మారుబేరగాళ్ళ దగ్గర కొనాలి. వాళ్ళు అదే యార్డులో లాటు కొని, విడగొట్టి ట్రే, అర బస్తా లెక్కన ఇస్తారు. కొంచెం ఎక్కువ తీసుకుంటారు. దానికి బాధపడక్కర్లేదు, ఏరుకోనిస్తారు కాబట్టి ఆ తేడా చాలాసార్లు తిరిగొచ్చేస్తుంది. ఇద్దరు ముగ్గురు చిన్న వ్యాపారులు కలిసి లాటు కొని పంచుకోవడం ఇంకా మేలు. అయితే పంపకం యార్డులోనే, కాటా మీదే అయిపోవాలి.

సరుకు చూసే తీరు

పై వరుస అమ్మడానికి పేరుస్తారు. మీరు చూడాల్సింది అడుగు. టమాటా ట్రే అయితే పక్కన చిల్లుల్లోంచి టార్చి వేయండి, అడుగున రసం కారిందేమో నేలమీద తడి చూడండి. వీలైతే ఒక ట్రేని ఇంకో ఖాళీ ట్రేలోకి ఒంపమనండి. లాటు కొంటున్నప్పుడు అడిగితే కాదనరు. కాదంటే పక్క దుకాణానికి వెళ్ళండి. రంగు మీ అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి. ఆ రోజే వండేస్తే ఎర్రనివి, రెండు మూడు రోజులు అమ్మాలంటే దోరవి. ట్రేలో మూడు రంగులూ కలిసి ఉంటే పండినవి పచ్చివాటి కింద నలుగుతాయి, కాబట్టి అలాంటి లాటుకు ధర తగ్గించి అడగండి. స్థానికంగా పండే టమాటా తగ్గినప్పుడు మదనపల్లె నుంచి, కర్ణాటకలోని కోలార్, చింతామణి వైపు నుంచి వస్తుంది. అది తోలు గట్టి రకం, రవాణాకు నిలుస్తుంది. చారుకూ పచ్చడికీ పులుపు కావాలంటే నాటు రకం అడగండి.

ఉల్లిగడ్డలో మెడ నొక్కి చూడండి. గట్టిగా, సన్నగా ముడుచుకుని ఉంటే నిలవ ఉంటుంది. మెడ మెత్తగా ఉంటే లోపల కుళ్ళు మొదలైనట్టు. బస్తా మూతి దగ్గర ముక్కు పెట్టండి, కుళ్ళిన గడ్డ ఒక్కటున్నా వాసన దాగదు. పొర మీద నల్లటి పొడి కనిపిస్తే అది బూజు. వేసవి మొదట్లో తవ్వే మహారాష్ట్ర రబీ ఉల్లి నెలల తరబడి ఆగుతుంది. వానాకాలం పంటగా వచ్చే కొత్త ఉల్లి, కర్నూలు వైపుది కూడా, రెండు మూడు వారాలకు మించి ఆగదు. ధర తక్కువని కొత్త ఉల్లి పది బస్తాలు నిలవ చేయకండి. హోటళ్ళవాళ్ళకు ఇంకో మాట. గోల్టీ అనే చిన్న గడ్డ చవకే గానీ ఒలిచే సమయం, పొట్టు తరుగు కలిపితే పెద్ద గడ్డతో సమానమవుతుంది.

ఆలుగడ్డలో ఎక్కువమందికి తెలియకుండా నష్టం చేసేది కోల్డ్ స్టోరేజీ సరుకు. ఆగ్రా వైపు నుంచి వచ్చేది నెలలపాటు చల్లగా ఉంచినది. ఆ చలికి గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. కూరకు ఫర్వాలేదు. చిప్స్‌కీ వేపుడుకీ మాత్రం నూనెలో పడగానే నల్లబడుతుంది, లోపల ఉడకకముందే పైన మాడుతుంది. రెండు గడ్డలు కొని వేయించి చూశాకే లాటు తీసుకోండి. ఇప్పటికే కొనేసి ఉంటే వారం పది రోజులు మామూలు గదిలో, చీకట్లో ఉంచితే కొంత బాగుపడుతుంది. వెలుతురు తగలనివ్వకండి. ఆకుపచ్చగా మారిన గడ్డ చేదు, ఒంటికి మంచిది కాదు.

పచ్చిమిర్చి బస్తా నడుమ చేయి దూర్చండి. వెచ్చగా తగిలితే తొందరగా తీసి ఆరబోయకపోతే సాయంత్రానికి తొడిమలు ఊడతాయి, మర్నాటికి సగం ఎర్రబడతాయి. బెండకాయ కొన విరవండి. టప్పున విరిగితే లేత, వంగితే ముదురు. వంకాయలో తొడిమ పచ్చగా ఉండాలి, పుచ్చు రంధ్రం కోసం తొడిమ కింద చూడాలి. బీరకాయ, సొరకాయ ఒకటి విరిచి నాలుక మీద పెట్టి చేదు చూడండి. ఒక తీగ కాయ చేదైతే పెద్ద వంట మొత్తం పోతుంది.

ఆకుకూరలు వంద కట్టల లెక్కన అమ్ముతారు. కట్ట పరిమాణం రోజూ మారుతుంది కాబట్టి ధరను కట్టతో కాదు, పది కట్టలు కాటా మీద పెట్టి కిలోతో పోల్చండి. వేళ్ళకు అంటిన మట్టిని దులిపాకే తూచండి. కొత్తిమీర, మెంతికూర గట్టిగా కట్టి కుప్ప వేస్తే లోపల వేడెక్కి పసుపు తిరుగుతాయి. కుప్ప పైది కాకుండా మధ్యలోంచి ఒక కట్ట లాగించండి.

పండ్లు

ఆపిల్ పెట్టె మీద రాసే 100, 125, 150 లాంటి అంకె అందులోని కాయల లెక్క. అంకె పెరిగేకొద్దీ కాయ చిన్నది. బండి మీద విడిగా అమ్మేవాళ్ళకు చిన్న కాయ, పండ్ల బుట్టలు కట్టేవాళ్ళకు పెద్ద కాయ గిట్టుతుంది. కనీసం ఒక పెట్టెను అడుగు వరుస దాకా విప్పించి చూడండి. అడుగున కాయ సైజు తగ్గడం, దెబ్బ మచ్చలు ఉండటం మామూలే. బత్తాయిలో బరువే రసం. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో పెట్టుకుని తూగేదాన్ని తీసుకోండి.

మామిడి మార్చి నుంచి జూన్ దాకా. సీజన్ మొదట్లో ధర కోసం లేత కాయ కోసేస్తారు, అది ఎంత మాగేసినా తీపెక్కదు. ముదురు కాయకు తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి, తొడిమ గుంటలో దిగినట్టు కనిపిస్తుంది. బకెట్ నీళ్ళలో నాలుగైదు కాయలు వేయండి. మునిగినవి ముదురు, తేలినవి లేత. బంగినపల్లి లాటు కొనేముందు ఈ పరీక్ష చేయకపోవడం బద్ధకమే తప్ప ఇంకేం కాదు. ఎండుగడ్డిలో వరుసలుగా పేర్చి గాలాడే గదిలో పెడితే నాలుగు నుంచి ఆరు రోజుల్లో మాగుతుంది. తొందర ఉంటే ఇథిలిన్ వాయువుతో మాగబెట్టే గదులున్నాయి. ఆహార భద్రతా సంస్థ దాన్ని 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలికి వంద పాళ్ళు) వరకూ అనుమతిస్తుంది. కాల్షియం కార్బైడ్ మాత్రం నిషిద్ధం. పెట్టెలో కాయల మధ్య కాగితం పొట్లాలు, బూడిదరంగు పొడి, వెల్లుల్లి లాంటి ఘాటు కనిపిస్తే ఆ లాటు వదిలేయండి. పైన ఒకే రీతి పసుపు, కోస్తే టెంక చుట్టూ తెల్లగా పుల్లగా ఉండటం కూడా అనుమానించాల్సిందే.

పూలు

పూలలో మోసమంతా నీళ్ళలో ఉంటుంది. బంతి, చామంతి కిలోల్లో అమ్ముతారు. నీళ్ళు చల్లితే తాజాగా కనిపిస్తాయి, బరువూ పెరుగుతుంది, కానీ ఆ తడితోనే సాయంత్రానికి రేకుల మొదళ్ళు నల్లబడతాయి. గుప్పెడు పూలు తువ్వాలులో వేసి దులపండి. తువ్వాలు తడిస్తే ధర తగ్గించమనండి, లేదా ఆ సంచి వద్దనండి. తర్వాత పువ్వు తిరగేసి కాడ దగ్గర చూడండి, ఆకుపచ్చగా ఉండాలి. సంచి నడుమ చేయి పెట్టి వేడి చూడండి. రేకులు లాగితే గుత్తిగా ఊడొస్తే అది నిన్నటి పువ్వు.

ఎన్ని కిలోలు కావాలో ఎవరినీ అడగకండి, పువ్వు సైజును బట్టి మారిపోతుంది. గుమ్మాలు, మండపం కొలిచి మొత్తం ఎన్ని మూరలో రాసుకోండి. మార్కెట్‌లోనే ఒక మూర గుచ్చి తూచండి. దాన్ని మూరలతో హెచ్చవేసి, పారేసే పూల కోసం పదోవంతు కలపండి. కట్టిన మాల కొంటే కిలోకన్నా చాలా ఎక్కువ పడుతుంది గానీ, కట్టేవాళ్ళు ఇంట్లో లేకపోతే అదే నయం. అమ్మేవాళ్ళ చేయి పొట్టిదైతే మూర కూడా పొట్టిదే, కాబట్టి టేపు పెట్టి అంగుళాల్లో మాట్లాడుకోండి.

శ్రావణ శుక్రవారం, వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి ముందు రోజు ధర ఆకాశంలో ఉంటుంది. బంతి, చామంతి పొడిగా ఉంటే రెండు రోజులు ఆగుతాయి, కాబట్టి పండగకు రెండు రోజుల ముందే కొని, నీడలో గోనెపట్టా మీద పలచగా పరచండి. మూట కట్టి ఉంచకండి, నీళ్ళు చల్లకండి. మల్లె, కనకాంబరం మాత్రం ఆ రోజువే కొనాలి. మల్లెలో విచ్చని మొగ్గ తీసుకుని తడిగుడ్డలో చుట్టి ఉంచితే సాయంత్రానికి విచ్చుకుంటుంది. కాడలతో వచ్చే గులాబీల కట్ట సాధారణంగా 20 కాడలు. ఇంటికి రాగానే కింది ఆకులు తుంచి, కాడ అడుగు అంగుళం మేర ఏటవాలుగా కోసి, వెంటనే బకెట్ నీళ్ళలో నిలబెట్టండి. కోసి గాలికి వదిలేస్తే కాడలోకి గాలి చేరి మెడ వాలిపోతుంది.

తూకం, చీటీ

కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా వేయించాలి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. అనుమానముంటే సీల్ తీయని లీటరు నీళ్ళ సీసాలు ఐదు పెట్టండి, ఐదు కిలోలకు కాస్త పైన చూపాలి. దడువాయి, అంటే మార్కెట్‌లో తూకం వేసే మనిషి, తూస్తున్నప్పుడు బస్తా గోడకు, పక్క బస్తాకు ఆనకుండా నిలబడాలి. తరుగు పేరుతో ఎంత తీసేస్తున్నారో, ఎంత కలుపుతున్నారో బేరం ముందే తేల్చుకోండి, తూచాక మాట్లాడితే వాదనే మిగులుతుంది.

చీటీలో సరుకు, బస్తాల లెక్క, నికర బరువు, ధర, ట్రే డిపాజిట్ విడివిడిగా రాయించుకోండి. డబ్బు కట్టగానే మీ ట్రేల మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. కొన్న లాటు వదిలి ఇంకోటి కొనడానికి వెళ్ళొచ్చేసరికి మీ ట్రే స్థానంలో పక్క ట్రే ఉండటం అరుదు కాదు, కావాలని చేసినా పొరపాటైనా. హమాలీల రేటు మార్కెట్ కమిటీ బోర్డు మీద ఉంటుంది, ముందు చూసుకోండి.

కాలీఫ్లవర్ ఆకులు, క్యాబేజీ పై పొరలు, మొక్కజొన్న పీచు ఇంటికి మోయకుండా అక్కడే వదిలేయండి. బోయిన్‌పల్లిలో అవి వృథా పోవు. యార్డులోని బయోగ్యాస్ ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థంతో 500 యూనిట్ల వరకూ కరెంటు తీస్తుంది. 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని ప్రస్తావించింది దీన్నే.

లోడింగ్, దింపుడు

ట్రాలీ ఆటోకు సుమారు అర టన్ను, టాటా ఏస్‌కు ముప్పావు టన్ను. అంతకుమించి ఎక్కిస్తే అడుగు వరుస టమాటా పచ్చడవుతుంది. కింద ఆలుగడ్డ, ఉల్లి బస్తాలు. వాటి మీద క్యాబేజీ, సొరకాయ. టమాటా ట్రేలు ఒకదానిమీద ఒకటి నాలుగుకు మించకుండా. అన్నిటికన్నా పైన ఆకుకూర, తడి గోనెపట్టా కప్పి. పూలను కూరగాయల బండిలో వేయాల్సొస్తే ముందు సీటు దగ్గర పెట్టండి, పండ్ల పక్కన వద్దు. పండుతున్న అరటి, మామిడి, టమాటా విడిచే ఇథిలిన్‌కు పూలు వాడిపోతాయి, ఆకుకూరలు పసుపు తిరుగుతాయి. నగరంలో సరుకు వాహనాలకు పగటిపూట ఆంక్షలుంటాయి కాబట్టి ఏడింటికల్లా గేటు దాటేలా చూసుకోండి.

ఇంటికో దుకాణానికో చేరాక ముందు ఆకుకూర కట్టలు విప్పి వేళ్ళు కిందకి ఉండేలా తడి పట్టా మీద నిలబెట్టండి. తర్వాత మిర్చి ఆరబోయండి. టమాటా, అరటి ఫ్రిజ్‌లో పెట్టకండి. అరటి 13 డిగ్రీల కన్నా చల్లబడితే తొక్క నల్లబడుతుంది, పచ్చి టమాటా చలికి సరిగా పండదు. ఉల్లినీ ఆలుగడ్డనూ ఒకే మూల పెట్టకండి.

ఏరడం అయిపోయాక పారేసిన సరుకును కూడా తూచి, ఆ బరువును అదే చీటీ వెనక రాయండి, కొన్న దుకాణం నంబరుతో సహా. ఐదారు చీటీలు పోగయ్యాక ఎవరి ట్రేలో ఎంత పోతోందో కనిపిస్తుంది. ట్రేకి 20 రూపాయలు ఎక్కువ చెప్పినా కిలో కూడా పారేయాల్సిన పని లేని దుకాణం ఏదో అప్పుడు తేలుతుంది. మర్నాడు యార్డులో ముందు అక్కడికి వెళ్ళండి.